ముందు పొయ్యి ఆర్పాలి

వసపిట్టను నోరు మూసుకుని కూర్చోమనడం కంటే చేపను గట్టు మీద నడవమనడం నయం. ఆ పేరు పెట్టింది ఆమె మేనత్త. లేచింది మొదలు నిద్రపోయేదాకా పిల్ల వాగుతూనే ఉంటుందని విసుక్కుని పెట్టిన పేరు, నలభై దగ్గరపడ్డా వదల్లేదు. ఇంట్లోంచి బడికి, బడిలోంచి ఆఫీసుకు వెంటబడి వచ్చేసింది. కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఈ చిన్న ఆఫీసులో ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే ఆమే పలకదు.

అలాంటి మనిషి ఈ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క మాట మాట్లాడకూడదు. మాట్లాడితే ఆమె ప్రాణంగా చేసుకున్న ఆట మీద ఓనరు ఒక బాణం గుచ్చుతాడు.

గొడవంతా ఆ బాణం గురించే. ఆట కథ చిన్నది. గడియారాలు బాగుచేసే ముసలాయన ఒకడు మాయమైపోయాడు. ఆయన ఇల్లు ఖాళీగా ఉంది. ఆడేవాళ్ళు ఆ ఇంట్లో అడుగుపెట్టి, గదులు తిరిగి, కనిపించిన వస్తువునల్లా కదిపి చూసి ఆయన ఏమయ్యాడో తెలుసుకోవాలి. ఎటు వెళ్ళాలో, ఏది ముందు చూడాలో ఎవరూ చెప్పరు. వెనకటి సాహసం ఆటల పద్ధతే అది. వసపిట్ట పెరిగింది ఆ ఆటల మీదే. ఏదో ఒక తలుపు దగ్గర రోజుల తరబడి ఇరుక్కుపోయి, తల దువ్వుకుంటుంటే హఠాత్తుగా ‘అరే, ఆ గొడుగు!’ అని తట్టి, దువ్వెన జుట్టులోనే వదిలేసి పరిగెత్తిన సుఖం ఆమెకు ఇప్పటికీ గుర్తే. తన ఆట ఆడేవాళ్ళకు కూడా ఆ దువ్వెన సుఖం దక్కాలని ఆమె పంతం.

ఓనరు బాధ ఆయనది. పోయినసారి అమ్మిన ఆటను కొన్నవాళ్ళలో సగానికి సగం మంది మొదటి గదిలోనే దారి దొరక్క వదిలేశారు. అప్పటినుంచి ఆయనకు దారి తప్పడమంటే పామును చూసినంత భయం.

“జనానికి ఓపిక లేదమ్మా. తెర మీద పసుపు రంగు బాణం ఒకటి పెడదాం. ఎటెళ్ళాలో అది చూపిస్తుంది, వాళ్ళు పోతారు. గొడవ ఉండదు” అన్నాడు.

“బాణం చూసుకుంటూ పోవడానికి ఆటెందుకు సార్? బస్సెక్కితే చాలు కదా. నా ఇంట్లో వాళ్ళకి పూర్తి స్వేచ్ఛ. ఏం చెయ్యాలో వాళ్ళే ఎంచుకుంటారు.”

“ఎంచుకోలేక ఏడుస్తారు.”

ఈ మాటలే తిరగేసి మరగేసి నెల్లాళ్ళు అనుకున్నాక, ఇద్దరికీ విసుగొచ్చి ఒక ఒప్పందానికి వచ్చారు. ఆటల మొహం ఎరగని మనిషిని ఒకరిని కూర్చోబెట్టాలి. ఆఫీసు మూసేలోగా ఆ మనిషి మొదటి భాగం దాటితే బాణం లేదు. దాటకపోతే ఉంది. వసపిట్ట వెనకాల కూర్చుని చూడొచ్చు.

“నోరు మాత్రం విప్పకూడదు. సైగలొద్దు. దగ్గొద్దు” అన్నాడు ఓనరు.

“దగ్గు కూడానా?”

“నీ దగ్గులో కూడా ఓ సలహా ఉంటుంది.”

కోపం వచ్చింది గానీ కాదనలేకపోయింది. ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన పద్ధతే ఇది. ఆడేవాళ్ళ వెనక కూర్చుని, ఎక్కడ తడబడుతున్నారో చూసి రాసుకోవాలి తప్ప మాట సాయం చెయ్యకూడదు. అయితే ఇన్నాళ్ళూ ఆ పని మౌని చేసేవాడు. మౌని అంటే ఆటకు ప్రోగ్రాం రాసే కుర్రాడు. అతనికి ఆ పని తేలికే, మామూలుగానే రోజుకో మాట మాట్లాడతాడు.

తీరా ఈ రోజు పొద్దున రావలసిన మనిషి జ్వరమని ఫోన్ చేశాడు. వాయిదా అడిగితే ఓనరు బాణమే ఖాయం చేసేస్తాడు. ఏం చెయ్యాలో తోచక వసపిట్ట, కొత్త కళ్ళజోడు కోసం వచ్చి తన ఇంట్లోనే ఉన్న మేనత్తను వెంటబెట్టుకొచ్చింది. అత్తయ్య ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైంది. హాజరు పట్టీ కంప్యూటర్లో ఎక్కించే పని చేసింది కాబట్టి మౌసు పట్టుకోవడం వచ్చు. ఆటలు మాత్రం ఆడి ఎరగదు, ఆడేవాళ్ళను పట్టుకుని తిట్టడమే ఆమెకు అలవాటు.

“ఇదేంటే పిట్టా, ఎవరిదీ ఇల్లు? మనిషి లేకుండా లోపలికెళ్ళొచ్చా?” అంది అత్తయ్య కుర్చీలో సర్దుకుంటూ.

వసపిట్ట పెన్ను మూత కొరుక్కుంది. పరీక్ష మొదలైపోయింది.

తెర మీద వీధి గుమ్మం. మనుషులెవరైనా గుమ్మం దాటి నేరుగా నడవాలోకి, నడవాలోంచి మేడ మీది పని గదిలోకి పోతారని వసపిట్ట లెక్క. పని గది తలుపు కింద వెలుతురు కనబడేలా బొమ్మ గీయించింది కూడా. అత్తయ్య నడవాలో ఆగింది. చెప్పుల బల్ల చూసింది. గొడుగు చూసింది. గోడ మీది పటం నొక్కింది. పటం వెనక ఏమీ లేదు. ఇంకో పటం నొక్కింది. దాని వెనకా ఏమీ లేదు. అలా ఉన్న పటాలన్నీ అయ్యాక స్నానాల గదికి వెళ్ళి కొళాయి కట్టే ఉందా లేదా చూసింది. కొళాయి కట్టే ఉంది. అది ఉత్త బొమ్మ, అందులో నీళ్ళు రావు. అయినా రెండుసార్లు చూసింది. పక్కనున్న నీళ్ళ కూజా తీసి, ఆటలో ఇచ్చిన సంచిలో వేసుకుంది.

‘మేడ మీదికి అత్తయ్యా, మేడ మీదికి!’ వసపిట్ట కడుపులో మాటలు ఉడుకుతున్నాయి.

అత్తయ్య ప్రతి సొరుగూ లాగుతోంది. లాగి ఊరుకుంటే బాగానే ఉండేది, లాగిన ప్రతిదీ మళ్ళీ మూస్తోంది. ఆ మూయడానికి ఆటలో ఏ ప్రయోజనమూ లేదు. “తీసింది తీసినట్టు వదిలేస్తే ఎలుకలు దూరతాయి” అని తనలో తను చెప్పుకుంటోంది. ముప్ఫై ఏళ్ళు రోజూ గది గదికీ తిరిగి దీపాలు, కొళాయిలు, గడియలు చూసుకున్న మనిషి. ఇప్పుడు కంప్యూటర్లో ఇంకో హాస్టల్ దొరికింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఏమిటో వసపిట్టకు ఆ ఉదయం తెలిసొచ్చింది.

చిట్టచివరికి వంటగదిలోకి వచ్చింది. వచ్చీ రాగానే “అయ్యయ్యో!” అని కేకేసింది.

వంటగదిలో పొయ్యి వెలుగుతోంది. అది వసపిట్ట ఎంతో మురిసిపోయి పెట్టుకున్న తెలివి. ఇంట్లో ఎవరూ లేరు గాని పొయ్యి వెలుగుతోందంటే, ఇప్పుడిప్పుడే ఎవరో వెళ్ళారని చూసేవాళ్ళకు ఒళ్ళు జలదరించాలి. పైగా ఆ మంట మీదే ఆట నడవాలి. పని గదిలో ఒక మైనం ముద్ద ఉంది. దాన్ని తెచ్చి పొయ్యి మీద కరిగిస్తే లోపలినుంచి తాళంచెవి బయటపడుతుంది. దాంతో వెనక గది ఇనుప తలుపు తెరుచుకుంటుంది. ఆ తలుపు దాటితే మొదటి భాగం పూర్తి.

“మనిషి లేని ఇంట్లో మంటేంటి?” అంది అత్తయ్య. పొయ్యిని నొక్కింది. ‘పొయ్యి వెలుగుతోంది’ అని తెర మీద అక్షరాలు వచ్చాయి. “కనిపిస్తోందిలే. ఆర్పేదెలా?” మళ్ళీ నొక్కింది. మళ్ళీ అవే అక్షరాలు. పొయ్యి ఆర్పాలని ఎవరికైనా తోస్తుందని వసపిట్టకు కలలో కూడా అనిపించలేదు, అందుకే ఆ ఏర్పాటే లేదు. అత్తయ్య గుడ్డ వేసి చూసింది. మూత పెట్టి చూసింది. కిటికీ తెరిచింది. ఎంతకీ ఆ గది వదలదు.

వసపిట్టకు తల ప్రాణం తోకకొచ్చింది. మేడ మీద ఒక రహస్యం, అటక మీద ఒక రహస్యం, పెరట్లో ఒక రహస్యం పెట్టుకుని కూర్చుంటే ఈ మనిషి పొయ్యిని పట్టుకుని వేలాడుతోంది.

అప్పుడు అత్తయ్య సంచిలోంచి కూజా తీసి పొయ్యి మీద నీళ్ళు గుమ్మరించింది.

చుయ్యిమని శబ్దం వచ్చింది. మంట ఆరిపోయింది.

వసపిట్ట కుర్చీలోంచి సగం లేచి మౌని వైపు చూసింది. మౌని గోడవారగా కూర్చుని ఉన్నవాడల్లా కళ్ళు పెద్దవి చేశాడు. ఎండిన మొక్కకు పొయ్యడానికి పెట్టిన కూజా అది. నీళ్ళు నిప్పు మీద పడితే నిప్పు ఆరాలన్న సూత్రం దీపాల కోసం రాశాడు గాని, అది పొయ్యికీ వర్తిస్తుందని వాడూ అనుకోలేదు. ఆర్పడం అయితే ఆర్పొచ్చు. మళ్ళీ వెలిగించడానికి ఆ ఇంట్లో అగ్గిపుల్ల లేదు. మంట లేకపోతే మైనం కరగదు, మైనం కరగకపోతే తాళంచెవి రాదు. అత్తయ్య ఇక ఎంత తిరిగినా ఆ ఇనుప తలుపు తెరుచుకోదు.

“హమ్మయ్య” అంది అత్తయ్య, కొత్త కళ్ళజోడు తుడుచుకుంటూ. “ఇప్పుడు నిదానంగా చూద్దాం ఇల్లంతా.”

నిదానంగానే చూసింది. మధ్యాహ్నం దాకా చూసింది. నిమ్మకు నీరెత్తినట్టు అటక ఎక్కింది, పెరడు తిరిగింది, ముసలాయన మంచం కింద వంగి చూసింది. వసపిట్ట ఎంతో ఇష్టపడి రాసి, ఎవరూ చదవరేమోనని దిగులు పడ్డ గడియారాల చీటీలన్నీ ఒక్కొక్కటే చదివింది. “పాపం, మనవరాలి గడియారం బాగుచెయ్యలేకపోయాడే” అని నిట్టూర్చింది కూడా. ఇంకో రోజైతే వసపిట్ట ఆ నిట్టూర్పుకు పొంగిపోయేది. ఈ రోజు మాత్రం ఏడుపొచ్చింది. ఓడిపోయిన ఆటలో ఇంత ముచ్చటగా తిరుగుతున్న మనిషికి, ఓడిపోయావని చెప్పే హక్కు కూడా తనకు లేదు.

మైనం ముద్ద దొరికింది. ‘లోపల ఏదో గట్టిగా తగులుతోంది’ అన్న అక్షరాలు చదివి అత్తయ్య తల ఊపింది. సుత్తితో కొట్టి చూసింది. కిటికీలో ఎండకు పెట్టి చూసింది. తర్వాత కాసేపు ఆలోచించి, గబగబా మెట్లు దిగి వంటగదికి వచ్చి ఆగిపోయింది.

“ఆర్పింది నేనే కదూ” అంది.

వసపిట్ట పెన్ను మూత పళ్ళ మధ్య పెట్టుకుంది.

“మళ్ళీ వెలిగించే దారుందా పిట్టా?” అత్తయ్య వెనక్కి తిరిగి ఆమె మొహంలోకి చూసింది. “నీ వాలకం చూస్తే లేనట్టుందే.”

మొహం కూడా సలహా కిందే లెక్క అని భయపడి వసపిట్ట చేతికందిన పుస్తకం అడ్డం పెట్టుకుంది.

“దాక్కుంటావేం? తప్పు నాదేమీ కాదు. ఆర్పనిచ్చిన పొయ్యి వెలిగించనివ్వాలి కదా. వచ్చినవాళ్ళు ఇదే చేస్తారు, ఇదొక్కటే చేస్తారు అనుకుని కట్టినట్టుంది ఈ ఇల్లు. కట్టినవాళ్ళెవరో గాని మా పాత ప్రిన్సిపాల్ లాంటి మనిషి. మీ ఇష్టం అంటూనే తన ఇష్టం చేయించేది.”

పుస్తకం వెనక వసపిట్ట చెవులు ఎర్రబడ్డాయి. ‘నా ఇంట్లో పూర్తి స్వేచ్ఛ’ అని ఓనరు మొహం మీద ఎన్నిసార్లు అందో! ఆ స్వేచ్ఛ తను ముందే అనుకున్న నాలుగు పనుల్లో ఒకటి ఎంచుకునే స్వేచ్ఛ. అయిదో పని చెయ్యాలనుకున్న మొదటి మనిషికి ఇల్లు మొహం చాటేసింది. తప్పు తనదేనని ఆమెకు తెలిసింది, అది నోటితో చెప్పుకోవడానికి కూడా వీల్లేకుండా ఉంది.

అత్తయ్య లేచి చేతిసంచి అందుకుంది. అయిపోయింది, వెళ్ళిపోతోంది అనుకుంది వసపిట్ట. అత్తయ్య సంచిలోంచి డబ్బా తీసి, కిటికీ దగ్గర నిలబడి, తెచ్చుకున్న భోజనం తాపీగా తిని, చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చుంది.

“దూరిన చోటు నుంచి మళ్ళీ దూరితే సరి” అంటూ తెర నాలుగు మూలలా వెతికింది. ‘మొదటి నుంచి’ అన్న మీట ఎక్కడుందో చెప్పడానికి వసపిట్ట నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగింది. అత్తయ్య దాన్ని కనిపెట్టి నొక్కింది.

వసపిట్ట ఫోను తీసి మౌనికి రెండు మాటలు పంపింది: ‘వంటింట్లో అగ్గిపెట్టె.’ గోడవారనుంచి జవాబు వెంటనే వచ్చింది: ‘రాస్తున్నా.’ ఇప్పుడు పెట్టి లాభం లేదు, అది రేపటి మాట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా పట్టుకోకుండా ఉండలేకపోయింది.

రెండోసారి అత్తయ్య తొందరపడుతుందని ఎవరైనా అనుకుంటారు. ఆమె మళ్ళీ పటాలు చూసింది. “పొద్దున చూసినవి ఇప్పుడూ అలాగే ఉండాలని ఎక్కడుంది?” అని దానికి కారణం. మళ్ళీ కొళాయి. కూజా మాత్రం ఈసారి తీసుకోలేదు. వెంట ఉంటే చెయ్యి ఊరుకోదని కాబోలు. మళ్ళీ సొరుగులు, మళ్ళీ మూయడం. పక్క గదుల్లో కుర్చీలు జరుపుతున్న చప్పుళ్ళు మొదలయ్యాయి. ఒక్కొక్కరే లేచి వెళ్తున్నారు. అప్పటికి అత్తయ్య మైనం ముద్దతో వంటగదిలోకి వచ్చింది. వెలుగుతున్న పొయ్యిని చూసి మొహం చిట్లించి, ముద్దను గిన్నెలో వేసి మంట మీద పెట్టింది.

మైనం కరిగింది. తాళంచెవి బయటపడింది.

ఓనరు బ్యాగు భుజాన వేసుకుని, ఇంటికెళ్ళే ముందు ఫలితం చూద్దామని అప్పుడే లోపలికి వచ్చాడు. తను అమ్మబోయే ఆటను ఆయన మొదటి గది దాటి ఏనాడూ ఆడలేదు. తెర మీది ఇనుప తలుపును చూసి, గోడ గడియారం చూసి, వసపిట్ట పక్కన నిలబడ్డాడు. అత్తయ్య తాళం తిప్పింది. తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. లోపల చీకట్లో ఏదో టిక్కు టిక్కుమంటోంది.

ఒక్క నొక్కు నొక్కితే చాలు, మొదటి భాగం పూర్తి. బాణం పీడ విరగడ.

అత్తయ్య వెనక్కి తిరిగింది.

వంటగదికి వెళ్ళింది. పొయ్యి వైపు చూసింది. వంటగదిలోంచి బయటికొచ్చి, నడవా దాటి, కూజా కోసం స్నానాల గది వైపు బయలుదేరింది. ఆటలో మనిషి నడక మెల్లగా ఉంటే అందంగా ఉంటుందని పట్టుబట్టి అలా పెట్టించింది వసపిట్టే. ఆ అందమైన నడక ఇప్పుడు నడవా పొడుగునా సాగుతోంది. వసపిట్ట నోరు తెరుచుకుంది. ‘అటు కాదు అత్తయ్యా’ అన్న మాట పెదవి మీదికి వచ్చేసింది.

“అటు కాదమ్మా! తలుపు! తలుపు తెరిచే ఉంది, లోపలికి పదండి!”

అరిచింది ఓనరు.

అత్తయ్య మౌసు వదిలి, కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని, ఆయన్ని తలనుంచి కాళ్ళదాకా చూసింది. “బాబూ, ఆడుతున్నది నువ్వా, నేనా?”

“మీరే గాని...”

“మరి ఆడనీ. లోపలికెళ్ళాక ఎప్పుడు బయటికొస్తానో ఏంటో. ఇల్లంటుకుంటే ఎవరు జవాబు చెబుతారు?”

ఓనరు నోరు మూసుకున్నాడు. వసపిట్ట తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఆయన ఒక్క క్షణం ఆగి ఉంటే ఆ చీవాట్లు తనకే పడేవి. బాణం వద్దని నెల్లాళ్ళు పోట్లాడింది గాని, పొద్దున్నుంచీ అత్తయ్య వీపు వెనక కూర్చున్నది మాత్రం బాణమే. దాని నోటికి గుడ్డ కట్టి కూర్చోబెట్టారు, అంతే తేడా.

అత్తయ్య కూజా తెచ్చింది. పొయ్యి ఆర్పింది. వంటగది తలుపు దగ్గరికేసింది. తిరిగి ఇనుప తలుపు దగ్గరికి వచ్చేసరికి వాచ్‌మన్ తాళాల గుత్తితో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆఫీసు మూసే వేళ దాటి చాలాసేపైంది. అత్తయ్య తీరిగ్గా చీకట్లోకి అడుగుపెట్టింది. ‘మొదటి భాగం పూర్తయింది’ అని తెర మీద అక్షరాలు వెలిగాయి.

పొద్దున్నుంచి వసపిట్ట మాట్లాడిన మొదటి మాట ఇది: “ఓడిపోయాను సార్. టైము దాటింది. బాణం పెట్టుకోండి.”

ఓనరు వింటున్నట్టు లేడు. తెర వైపే చూస్తున్నాడు. “ఆ టిక్కు టిక్కుమనేది ఏంటి? ముసలాయన లోపలే ఉన్నాడా?” అన్నాడు.

రోజంతా అణచిపెట్టుకున్న మాటలన్నీ వసపిట్ట గొంతుదాకా వచ్చాయి. లోపల ఏముందో, ముసలాయన ఏమయ్యాడో, రాత్రులు కూర్చుని ఎలా అల్లిందో అంతా చెప్పెయ్యాలనిపించింది. చెప్పమని ఆఫీసులో ఎవరైనా అడిగింది ఇదే మొదటిసారి.

“చెప్పను” అంది.

“నేను ఓనర్నమ్మా.”

“అయినా చెప్పను సార్.”

ఓనరు భుజాన ఉన్న బ్యాగు తీసి నేల మీద పెట్టి, కుర్చీ ఒకటి లాక్కుని అత్తయ్య పక్కన కూర్చున్నాడు. అత్తయ్య అప్పటికే చీకటి గదిలో గోడ తడుముకుంటూ దీపం మీట కోసం వెతుకుతోంది. తాళం వెయ్యమంటారా అని వాచ్‌మన్ రెండుసార్లు అడిగాడు. ఎవరూ పలకలేదు.